గోడలో ఏడో దీపం

డిసెంబరు మొదటి వారం దాటిందంటే మార్కాపురంలో మా వీధికి చీకటి పడదు. మా మనవడు మేడ మీది నుంచి గేటు దాకా సీరియల్ బల్బుల దండలు దించుతాడు. ఎదురింటివాళ్లు దానికి పోటీగా కరెంటుతో వెలిగే జింకలను తెచ్చి నిలబెడతారు. ఎర్రవి, పచ్చవి, నీలివి ఒకదాన్నొకటి తరుముకుంటూ పరిగెత్తుతుంటాయి. "ఎట్లుంది అవ్వా?" అని అడుగుతాడు వాడు. బాగుందనే అంటాను, నిజంగా బాగుంటుంది కూడా. ఎన్ని బల్బులు పెట్టావురా అని ఒకసారి అడిగితే, "ఎవరు లెక్కబెడతారు అవ్వా" అని నవ్వాడు. ముప్పై ఏళ్లు పిల్లలకు లెక్కలు చెప్పిన దాన్ని కదా, నాకు ఆ మాట ఎందుకో గుచ్చుకుంది. మేం లెక్కబెట్టేవాళ్లం. మావి ఏడే.

మొన్న మా ఎస్తేరక్క భర్త పోయాడని కబురొచ్చింది. ఆయన మా అమ్మ అన్నగారి కొడుకు, తొంభై ఏళ్లకు దగ్గరపడిన మనిషి. అక్క పోయాక మళ్లీ పెళ్లి చేసుకున్నాడు, ఆ పిల్లలకు పిల్లలు కూడా పెద్దవాళ్లయ్యారు. మోకాళ్ల నొప్పులతో ఎందుకమ్మా అని మా కోడలు వారించినా వినకుండా కంభం బస్సెక్కాను. అక్కడ బావ చెల్లెలు లచ్చమ్మ వదిన నా పక్కన కూర్చుని ఒక మాట చెప్పింది. ఆ మాట విని వచ్చినప్పటి నుంచి నాకు తిండి సయించడం లేదు. దాన్ని దాని చోట చెబుతాను. ముందు మా గోడ సంగతి చెప్పకపోతే అది ఎవరికీ అర్థం కాదు.

మా ఊరు కంభం చెరువుకు ఒక పక్కన, గుట్ట కింద. తెల్లదొరల కాలం, కరెంటన్న మాటే మాకు తెలియదు. నాయన పలకరాయి గనిలో పనిచేసేవాడు. నేలలోంచి తీసిన రాయిని పొరలు పొరలుగా చీల్చి, అంచులు కోసి, బడిపిల్లలు రాసుకునే పలకలు తయారుచేసే పని. రాయి ఎక్కడ చీలుతుందో ఆయన వేలితో తట్టి చెప్పేవాడు. గని నుంచి వస్తూ రోజుకు రెండు మూడు తుక్కు రాళ్లు భుజాన వేసుకొచ్చేవాడు. అట్లా ఏళ్ల తరబడి మోసిన రాళ్లతో ఇంటి ముందు, చెరువు వైపుకు, నిలువెత్తు గోడ లేచింది. పశువులు రాకుండా గోడ కట్టే ఊళ్లో దీపాలు పెట్టడానికి గోడ కట్టినవాడు మా నాయనొక్కడే. ఆ గోడలో వరసగా ఏడు గూళ్లు వదిలాడు. ఇంట్లో మేం ఏడుగురం, మనిషికొక గూడు. నాయన, అమ్మ, నాయన తల్లి అయిన అవ్వ, ఎస్తేరక్క, అన్న, నేను, తమ్ముడు.

మనిషికొక పలక కూడా ఉండేది. ఇంట్లో బిడ్డ పుడితే నాయన ఒక మంచి పలక తెచ్చి, దాని మీద సుద్దతో బొమ్మ గీసి, గీత వెంట వడ్రంగి బరమాతో సన్న సన్న బెజ్జాలు పెట్టేవాడు. బరమా ఒక్కసారి గట్టిగా తిప్పితే పలక నిలువునా పగులుతుంది. అందుకని వానాకాలమంతా, రోజుకు నాలుగైదు బెజ్జాల చొప్పున తొలిచేవాడు. క్రిస్మస్‌కు ఆ పలకను గూటి ముందు నిలబెట్టి, వెనకాల కిరసనాయిలు బుడ్డి పెడితే, నల్లటి రాతిలో చుక్కలు చుక్కలుగా బొమ్మ వెలిగేది. నాయనది నక్షత్రం. అవ్వది గొర్రెపిల్ల. నాది గుమ్మడిపువ్వు, అది పువ్వులా లేదని ఎన్నేళ్లు ఏడ్చానో. అక్కది పావురం. అన్నిటికన్నా బాగా కుదిరింది అదే. ఆ పావురం కంటి దగ్గర ఒక్క బెజ్జం కొంచెం పెద్దది, అక్కడి నుంచి వెలుగు సూటిగా బయటికొచ్చేది. తమ్ముడి పలక నాయన తొలుస్తుంటే అక్క ఎదురుగా కూర్చుని ఆ పొడిని ఉఫ్ఫున ఊదేది. ఊదవద్దు, కడుపులోకి పోతుందని నాయన కసిరేవాడు గానీ, తను మాత్రం రోజంతా గనిలో పీల్చేది అదే పొడి. తడిసిన పలకపొడి వాసన ఇప్పటికీ ఎక్కడైనా తగిలితే నాకు మా పంచ గుర్తొస్తుంది.

పండగ దగ్గరపడితే ఇల్లంతా మసి, కిరసనాయిలు, నువ్వులు వేయించిన కమ్మదనం. అవ్వ నూగుల ఉండలు చేసి కుండలో దాచేది, తమ్ముడు దొంగిలించేవాడు, తిట్లు మాత్రం అన్నకు పడేవి. అక్క బూడిదతో పలకలన్నీ తోమేది. నాయన పాత కిరసనాయిలు డబ్బాలు కత్తిరించి, తళతళలాడే రేకు ముక్కలు బుడ్డీల వెనక నిలబెట్టేవాడు. ఆ రేకు వల్ల వెలుగు దూరం పోయేది. రైతుల ఇళ్లవాళ్లు బండ్లు ఆపి చూసి, "ఏంది పెద్దాయనా, గోడకు కండ్లు పెట్టినావే" అని నవ్వేవాళ్లు. నల్లమల నుంచి తేనె తెచ్చి ఊరూరా అమ్ముకునే చెంచు ఆమె ఈరమ్మ మా అరుగు మీద కూర్చుని, ఏ దీపం ఎవరిదో ప్రతి ఏడూ మళ్లీ అడిగి చెప్పించుకునేది. చెరువు అవతల గట్టున మా మేనమామ వాళ్ల ఊరు. నీళ్ల మీదుగా చూస్తే ఎదురుగానే ఉంటుంది, నడిచిపోవాలంటే మాత్రం సగం పూట పడుతుంది. అక్కడికి బొమ్మలు కనపడవు, ఏడు చుక్కలే కనపడతాయి. వాళ్లు గట్టు మీద నిలబడి లెక్కబెట్టి, అందరూ బాగున్నారని అనుకునేవాళ్లట.

మామ వాళ్లు మాలాగా కిరస్తానీ మతంలో కలవలేదు. ఊరి అమ్మవారికే మొక్కేవాళ్లు. అప్పట్లో ఒకే రక్తంలో సగం మంది ఇటు, సగం మంది అటు ఉండటం మా వైపు మామూలే. రాకపోకలకు అడ్డం లేదు, పెళ్లికే అడ్డం. అందులోనూ నాయన సంఘంలో పెద్ద. అటువంటిది, అమ్మవారి తిరునాళ్లకని మామ ఇంటికి వెళ్లిన ఎస్తేరక్క, గుడి ముందు బావ చేత తాళి కట్టించుకుంది. ఎవరూ బలవంతం చేయలేదు. చిన్నప్పటి నుంచి వాళ్లిద్దరికీ ఇష్టమేనని ఆ తరువాత అవ్వ చెప్పింది. సంఘంవాళ్లు నాయనను పిలిచి ఏమన్నారో తెలియదు. ఇంటికొచ్చి ఎవరితోనూ మాట్లాడకుండా అక్క పలకను గోనెపట్టాలో చుట్టి అటక మీద పెట్టాడు. పగలగొట్టలేదు. మంచి పలకను పగలగొట్టడం ఆయన చేతికి రాదు.

ఆ ఏడు క్రిస్మస్‌కు గోడలో నాలుగో గూడు ఖాళీ. నాయన అటు వెళ్లగానే అమ్మ అటక ఎక్కి, పావురం పలక దించి, గూట్లో పెట్టి దీపం ముట్టించింది. నాయన తిరిగొచ్చి చూశాడు. కోప్పడలేదు, అరవలేదు. గోడ వెంట నడుస్తూ ఏడు దీపాలూ ఒక్కొక్కటిగా ఊదేసి, లోపలికి పోయి ముసుగుతన్ని పడుకున్నాడు. పండగ పూట ఆ చీకట్లో కొర్రన్నం, మాంసం అట్లాగే ఉండిపోయాయి. అవ్వ ఏడ్చింది. నాకు అప్పుడు ఎనిమిదేళ్లు. ఆ చీకటి నాకు ఎంత భయం పెట్టిందో చెప్పలేను. అక్క పలక కనపడితే నాయన ఇల్లంతా ఆర్పేస్తాడు అన్నది నా బుర్రలో నాటుకుపోయింది.

మరుసటి ఏడు యుద్ధం ముదిరింది. కిరసనాయిలుకు కార్డు పెట్టారు. ఇంటికి నెలకు ఇంతే అని కొలిచిపోసేవాళ్లు, అది వంటింటికే చాలదు. ఆ కార్తీకం దాటాక అక్కకు చలిజ్వరం పట్టింది. చెరువు పక్క ఊళ్లలో ఆ జ్వరం రాని ఇల్లు లేదు గానీ, అక్కది తగ్గినట్టే తగ్గి తిరగబెడుతూ ఉంది. అమ్మ రెండుసార్లు వెళ్లి చూసి వచ్చింది. నాయనతో చెప్పలేదు, నాయన అడగలేదు. అయితే నాయన ఆ నెలంతా ఒక వింత పని చేశాడు. పొద్దుండగానే అందరికీ అన్నం పెట్టించి, ఇంట్లో దీపం ముట్టించకుండా నూనె మిగిల్చాడు. ఈసారి ఒక్క సాయంత్రమే గోడకు దీపాలని చెప్పాడు.

"కిరసనాయిలు ఎందుకురా, ఆముదం పోయరాదా?" అంది అవ్వ.

"ఆముదం వెలుగు చాలదమ్మా. చెరువు దాటాల" అన్నాడు.

అవ్వకు అర్థం కాలేదు. నాకూ కాలేదు. ఆ మాట అర్థం కావడానికి నాకు మొన్నటి దాకా పట్టింది.

పండగ ముందురోజు మధ్యాహ్నం అమ్మ నన్ను బావికి పంపింది. నేను తిరిగొచ్చేసరికి నాయన పలకలు నిలబెట్టి, బుడ్డీల్లో నూనె పోసి, తెల్లచొక్కా వేసుకుని, రాత్రి ఇంటింటికీ తిరిగే పండగ పాటల కోసం మా ప్రార్థన గుడికి బయల్దేరుతున్నాడు. చేతిలో పాటకు వాయించే తాళాలు. అగ్గిపెట్టె నా చేతికిచ్చాడు. ప్రతి ఏడూ ఆ పని అక్క చేసేది, పోయినేడు అన్న చేశాడు. నాకు ఇవ్వడం అదే మొదలు.

"పొద్దు గూకంగానే గోడ మీద దీపాలన్నీ ముట్టించు పాపా. ఒకటి గూడా ఆరిపోగూడదు, కాసుకోనుండు" అన్నాడు. నా వంక చూసి చెప్పలేదు, చెరువు వంక చూస్తూ చెప్పాడు. ఏడు అన్న మాట ఆయన నోట రాలేదు. ఆ ఒక్క మాట చెప్పి ఉంటే అని ఎన్నిసార్లు అనుకున్నానో. చెప్పలేడు, ఆయన తత్వం అది.

అమ్మ, అవ్వ వెనక వంటింట్లో ఉన్నారు. నేను గోడ దగ్గరికి పోయాను. నాలుగో గూట్లో పావురం పలక ఉంది. నాయన అటు పోగానే అమ్మ మళ్లీ పెట్టిందనుకున్నాను. వేరే ఆలోచన రాలేదు. నాయన పాటల వాళ్లతో కలిసి వస్తాడు, చూస్తాడు, నెల రోజులు చీకట్లో కూర్చుని మిగిల్చిన నూనెతో పెట్టిన దీపాలన్నీ ఊదేస్తాడు, మళ్లీ ఎవరూ అన్నం తినరు. అమ్మను అడిగితే తీయనివ్వదు. అందుకని అడగలేదు. పలక తీసి పావడాలో చుట్టుకుని పోయి గడ్డివామిలో దూర్చాను. బుడ్డిలోని నూనె వృథా పోకూడదని మిగిలిన ఆరింటిలో తలా కొంచెం పోశాను. పొద్దు గూకాక ఆరూ ముట్టించాను. ఎంత బాగా వెలిగాయో. గాలి వచ్చినప్పుడల్లా పైట అడ్డం పెట్టేదాన్ని, పైట వేసుకునే వయసు కాదు, అమ్మ పాతకోక ముక్క అది. ఇల్లు కాపాడానని నాకు ఒకటే గర్వం.

చీకటి పడ్డాక నాయన పాటల వాళ్లతో వచ్చాడు. మలుపు దగ్గర ఆయన తాళాలు ఆగిపోయాయి. మిగతావాళ్లు పాడుతూనే ఉన్నారు. నాయన గోడ వంక చూశాడు, నాలుగో గూటి దగ్గర ఆయన చూపు నిలబడింది. పదిమంది ముందు ఏమీ అడగలేదు. దీపాలు ఆర్పలేదు. నేను అనుకున్నట్టే అయిందని ఊపిరి పీల్చుకున్నాను.

తెల్లవారి అమ్మ పొయ్యి రాజేస్తుంటే నాయన దగ్గరికి పోయి మెల్లగా అడిగాడు. నేను తలుపు వెనక జడ వేసుకుంటున్నాను.

"ఎస్తేరు పలక ఎందుకు తీసినావు?"

"ఏ పలక? అటక మీద నువ్వు పెట్టిందే గదా."

"నిన్న నేను దించి గూట్లో పెట్టినా. నూనె గూడా పోసినా."

అమ్మ పొగలోంచి తలెత్తి చూసింది. "నువ్వా?" అంది.

"పోయినేడు ఆర్పినానని పగ తీర్చుకున్నావా?"

"నేను గోడ పక్కకే పోలేదయ్యా. నా బిడ్డ దీపం నేను తీస్తానా?"

"సరేలే" అన్నాడు నాయన. నమ్మలేదు. అమ్మ కూడా ఆయన మాట నమ్మలేదు.

నాయన చేయి చేసుకునే మనిషి కాదు. చెబితే ఏమీ అనేవాడు కాదేమో. సాయంత్రం చెబుదాం అనుకున్నాను, సాయంత్రమయ్యాక రేపు అనుకున్నాను. మూడో రోజు మామ మనిషిని పంపాడు, అక్క పోయిందని.

నాయన సంఘాన్ని ఎవరినీ అడగలేదు, చెప్పులు కూడా వేసుకోకుండా చెరువు చుట్టూ నడిచాడు. వాళ్ల పద్ధతిలో వాళ్లు మట్టి చేస్తుంటే దూరంగా నిలబడి, చివర్న వచ్చి పిడికెడు మన్ను వేశాడు. అమ్మను పట్టుకోవడం ఎవరివల్లా కాలేదు. ఆ రోజు నుంచి మా ఇంట్లో దీపాల మాట ఎత్తినవాళ్లు లేరు. గూళ్లలో పిచ్చుకలు చేరాయి, తేళ్లు చేరాయి. గడ్డివామి తరిగాక పలక బయటపడితే, ఎవరూ లేనప్పుడు అటక మీద అడుగున పెట్టాను. అమ్మ మాత్రం ఎవరైనా దగ్గరివాళ్లు వస్తే అనేది: "బతికున్నప్పుడు పెట్టలేదు, పోయినాక పెట్టినానంటాడు." నాయన వినేవాడు, బదులు చెప్పేవాడు కాదు. పలకపొడి ఊపిరితిత్తుల్లో పేరుకుని, దగ్గి దగ్గి ఆయన మంచం పట్టినప్పుడు అమ్మే అన్నీ చేసింది. కూర్చోబెట్టేది, గంజి తాపేది, వీపు నిమిరేది. నేను తీయలేదయ్యా అని చివరిదాకా చెప్పింది. ఆయన చివరిదాకా సరేలే అనే అన్నాడు. ఇద్దరి మధ్యా నేను గంజి గిన్నె పట్టుకుని నిలబడి ఉన్నాను. అప్పటికి నాకు పెళ్లయింది, ఉద్యోగం వచ్చింది, పిల్లలను అబద్ధం ఆడవద్దని కొట్టేదాన్ని కూడా. ఆ మాట మాత్రం బయటికి రాలేదు.

ఇన్నేళ్లూ నాకు ఒక్కటే ఊరట ఉండేది. నేను చేసింది మా ఇంట్లోవాళ్లనే బాధపెట్టింది, అక్కకు ఏమీ తెలియదు, జ్వరంలో ఉన్న మనిషి గోడ ఎక్కడ చూసి ఉంటుంది అనుకునేదాన్ని. పిచ్చి ఊరటే గానీ దాంతోనే బతికాను. మొన్న లచ్చమ్మ వదిన దాన్ని కూడా తీసేసింది.

వదిన నాకన్నా ఆరు నెలలు పెద్ద. బావ ఫొటో ముందు దీపం సర్ది వచ్చి, నా పక్కన చాప మీద కూర్చుంది. మాటల మధ్య అక్క పేరు వచ్చింది.

"తేనె అమ్మే ఈరమ్మ లేదా, ఆయమ్మతో మీ నాయన కబురంపినాడు సారమ్మా. పండగ ముందురోజు పొద్దున. ఈ పొద్దు గోడ చూడమను, ఏడుంటాయని చెప్పమన్నాడంట."

నేను ఆమె వైపు తిరిగి కూర్చున్నాను.

"మీ అక్క ఎన్నాళ్లకో నవ్వింది ఆ పొద్దు. ఒళ్లు కాలిపోతాంటే కూడా తల దువ్వమనింది. పొద్దు గూకంగానే మా అన్న, మా నాయన మంచంతో ఎత్తి గట్టుకాడికి మోసినారు. నేను పక్కన నిలబడినా. కండ్లు అలుక్కపోతాండాయి, నువ్వెంచు లచ్చమ్మా అనింది. ఎంచినా. ఆరు వదినా అన్నా. మళ్ల ఎంచు అనింది. మళ్ల ఆరే. మూడోసారి గూడా ఎంచమనింది."

"ఏమనింది?"

"ఏమనలే. చలిగా ఉండాది, ఇంటికి పదండి అనింది. మళ్ల ఆ మాటెత్తలే. మా అన్న మాత్రం చచ్చేదాకా మీ నాయనను తిట్టుకున్నాడు, రోగంలో ఉన్నదాన్ని ఆశపెట్టి ఏడిపించినాడని." వదిన కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "నాకు ఇంగోటి ఉండాది లోపల. ఎవురికీ చెప్పలే. ఏడని ఒక్క అబద్ధం చెప్పుంటే ఆయమ్మ నెమ్మదిగా పోయేది గదా. పిల్లదాన్ని. ఎంచమంటే ఎంచినా. ఏమో, తప్పుగా ఎంచినానేమో గూడా. ఒగటి ఏ చెట్టు చాటునో ఉండిందేమో."

చెరువుకు అటొక పిల్ల, ఇటొక పిల్ల. ఆమె తప్పుగా ఎంచానేమో అని డెబ్భై ఏళ్లు కుమిలింది. నేను ఇంకా నోరు మూసుకుంటే మనిషినేనా అనిపించింది.

"నువ్వు సరిగ్గానే ఎంచినావు వదినా. ఆరే ఉండినాయి. నాయన ఏడూ పెట్టినాడు. ఏడోది నేను తీసినా" అన్నాను. పావురం పలక, గడ్డివామి, బుడ్డిలో నూనె ఆరింటిలో పంచడం, అన్నీ చెప్పాను.

ఆమె నోటికి అడ్డం పెట్టుకున్న కొంగు తీసింది.

"మీ అమ్మకు చెప్పినావా?"

"లేదు."

"మీ నాయనకు?"

"లేదు."

"మా అన్నకన్నా చెప్పకపోతివే. పది దినాల ముందు వచ్చుంటే వినిపోయేటోడు."

లోపల ఎవరో వదినను పిలిచారు. ఆమె లేవబోయి, లేవలేక, నా భుజం పట్టుకుని నిలబడింది. ఆ చెయ్యి అక్కడే కాసేపు ఉంచింది.

"నేను ఆ పొద్దు ఏడని ఉంటే, నీ తప్పు గూడా ఆడికాడికే తీరిపోయుండేది సారమ్మా" అంది.

అమ్మ పోయాక అటక మీంచి తెచ్చుకున్న ఆ పావురం పలక ఇప్పుడు నా బీరువాలో చీరల కింద ఉంది. అంచు కొంచెం విరిగింది గానీ బెజ్జాలన్నీ బాగానే ఉన్నాయి. నిన్న సాయంత్రం మనవడు బల్బులు వేసి, చూద్దువు రా అవ్వా అని పిలిచాడు. బయటికి పోయి కుర్చీలో కూర్చున్నాను. వాడికి బాగుందని చెప్పాను.